వెబ్‌సైట్ మనదే, చాబీ ఎవరి జేబులో ఉంది?

మన మొహల్లాల్లో ఇప్పుడు వెబ్‌సైట్ లేని సంస్థ కనిపించడం కష్టమైంది. స్కూలుకొకటి, పాత విద్యార్థుల సంఘానికొకటి, రిష్తాలు చూసిపెట్టేవాళ్లకొకటి, బట్టల దుకాణానికొకటి. మొదలుపెట్టిన రోజు పెద్దవాళ్లను పిలిచి, మౌస్ మీద వేలు పెట్టించి ఫొటో తీస్తారు. మిఠాయి పంచుతారు. మూడేళ్లు గడిచాక అదే పెద్దవాళ్లను ఒక్క సవాల్ అడిగి చూడండి: ఈ వెబ్‌సైట్ డేటాబేస్ ఎవరి చేతిలో ఉంది? "హోస్టింగ్ కంపెనీవాళ్ల దగ్గర ఉంటది కదా" అంటారు ఒకరు. "చేసిన పిల్లాడికి తెలుసు" అంటారు ఇంకొకరు. మూడో ఆయన మనసులో ఏదీ దాచుకోని మనిషి, "డేటాబేస్ అంటే ఏంది భాయ్?" అని అడిగేస్తాడు. ఈ మూడింట్లో నాకు నచ్చే జవాబు మూడోదే. అక్కడి నుంచి మాట మొదలవుతుంది. మొదటి రెండింటితో మాట అయిపోతుంది.

నా రాయ్ సాఫ్‌గా చెప్పేస్తాను. హోస్టింగ్ ఖాతాలోకి వెళ్లి సొంత డేటాబేస్ తెరిచి చూసుకోవడం, దాని నకలు దింపి ఇంట్లో పెట్టుకోవడం ఐటీవాళ్లకే పరిమితమైన హునర్ కాదు. ఇంటి రిజిస్ట్రీ కాగితాలు ఏ పెట్టెలో ఉన్నాయో తెలిసి ఉండటం ఎంత పనో ఇదీ అంతే పని. సంస్థలో కనీసం ఇద్దరికి అది రావాలి. ఎవరికీ రాదంటే ఆ వెబ్‌సైట్‌కి మీరు మాలిక్ కాదు, పేరుకు మాత్రమే.

నేను చదివింది ఉర్దూ మీడియం. మా ఉస్తాద్ పొద్దున్నే హాజరీ రిజిస్టర్ తెరిచేవారు. అడ్డంగా ఒక్కో వరస ఒక్కో పిల్లాడిది, నిలువుగా ఒక్కో గడి ఒక్కో తారీఖుది. డేటాబేస్ అంటే అలాంటి రిజిస్టర్లు పేర్చిన అల్మారా అనుకోండి. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా వర్డ్‌ప్రెస్ మీద నడుస్తున్నాయి; మనవాళ్లు చేయించుకునే చిన్న సైట్లలో నేను చూసినవైతే దాదాపు అన్నీ అవే. కొత్తగా పెట్టిన వర్డ్‌ప్రెస్ అల్మారాలో 12 రిజిస్టర్లు ఉంటాయి. ఒకదాంట్లో మీరు రాసిన వ్యాసాలు, ఒకదాంట్లో సభ్యుల పేర్లు, ఒకదాంట్లో చదివినవాళ్ల మాటలు, ఒకదాంట్లో సైటు సెట్టింగులు. తెర మీద కనిపించే రంగులూ హంగులూ గోడకు వేసిన సున్నం. పోతే మళ్లీ వేయించుకోవచ్చు. రిజిస్టర్ పోతే పోయినట్టే.

ఆ అల్మారా పేరు ఎక్కువ చోట్ల మైఎస్‌క్యూఎల్, లేదా దాని చెల్లెలు మరియాడీబీ. చెల్లెలని ఊరికే అనలేదు. ఫిన్లండ్‌కు చెందిన మైకేల్ విడేనియస్ 1995లో బయటికొచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌కి తన కూతురు మై పేరు పెట్టాడు. అది 2008లో సన్ కంపెనీకి అమ్ముడై, 2010లో ఒరాకిల్ చేతికి వెళ్లింది. ఈలోగానే ఆయన అదే కోడ్ నుంచి ఇంకో శాఖ తీసి, చిన్న కూతురు మరియా పేరు పెట్టాడు. కోడ్ నకలు తీసుకునే హక్కు అందరికీ ఉంది కాబట్టే అది కుదిరింది. బిడ్డ పేరు పెట్టుకున్న వస్తువు కూడా చేతులు మారుతుంది. నకలు చేతిలో ఉన్నవాడు మళ్లీ మొదలుపెట్టగలడు. నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఇంచుమించు ఇదే.

మన దగ్గర జరిగే గడ్‌బడ్ ఎక్కడంటే, మూడు వేర్వేరు తాళాలను ఒకటే తాళం అనుకోవడం. డొమైన్ అంటే గుమ్మం మీద పేరు పలక. హోస్టింగ్ అంటే కిరాయికి తీసుకున్న మకాన్. డేటాబేస్ అంటే ఆ మకాన్ లోపల అల్మారా. పలక మీద సంఘం పేరే ఉంటుంది. కిరాయి చీటీ మాత్రం ఎవరో కుర్రాడి పేరు మీద ఉంటుంది. అల్మారా చాబీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. "మన పిల్లాడే కదా" అనే ఒక్క మాట మీద ఏళ్లకేళ్లు బండి నడుస్తుంది. పిల్లాడి మీద ఎత్బార్ ఉండటం మంచిదే. కానీ పిల్లాడికి ఉద్యోగం మారుతుంది, ఊరు మారుతుంది, ఈమెయిల్ మారుతుంది. ఎత్బార్‌కి వీటిని ఆపే తాకత్ లేదు.

నాకు తెలిసిన ఒక రిష్తా సెంటర్ ఉంది. అన్నాచెల్లెళ్లు నడుపుతారు. ఊరూ పేరూ చెప్పను. పదకొండేళ్లుగా పోగుచేసిన దాదాపు 4 వేల బయోడేటాలు వాళ్ల సైటులో ఉన్నాయి. సైటు చేసిపెట్టిన అబ్బాయి దమ్మాం వెళ్లిపోయాడు. కిరాయి కట్టమని వచ్చే కబుర్లన్నీ అతని పాత ఈమెయిల్‌కి పోతున్నాయి, దాన్ని తెరిచేవాడు లేడు. ఒక పొద్దున సైటు తెరిస్తే ఖాతా నిలిపివేశామని ఒక్క ముక్క కనిపించింది. అన్నగారు కంపెనీకి ఫోన్ చేసి, బకాయి మొత్తం ఇప్పుడే కడతానన్నారు. వాళ్లు డబ్బు సంగతి తర్వాత, ముందు ఖాతాలో ఉన్న ఈమెయిల్ నుంచి రాయండి, పాత బిల్లు నంబరు చెప్పండి, ఏ కార్డుతో కట్టారో చెప్పండి అన్నారు. ఈయన దగ్గర ఒక్కటీ లేదు. "నా సైటు నాకే ఇవ్వనంటారా, నేను మాలిక్‌ని" అని గంటసేపు పోట్లాడారు. ఆఖరికి నన్ను పంచాయితీకి పిలిచారు.

నేను కంపెనీ వైపే మాట్లాడాను. అన్నగారికి కోపం వచ్చింది, రానీ. నాలుగు వేల ఇళ్ల ఆడపిల్లల ఫొటోలు, ఫోన్ నంబర్లు, తండ్రి సంపాదన, మొదటి నికాహ్ ఎందుకు తెగిపోయిందో రాసిన మాటలు, అన్నీ ఆ అల్మారాలో ఉన్నాయి. ఫోన్‌లో గట్టిగా అరిచి "నేనే మాలిక్‌ని" అన్నవాడికల్లా చాబీ ఇచ్చే కంపెనీ అయితే, ఈయన కంటే గట్టిగా అరిచేవాడు రేపు వస్తాడు. హోస్టింగ్ కంపెనీ ముందు మాలిక్ అంటే ఖాతాలో పేరున్నవాడు. మన మొహల్లాలో ఎవరిని అడిగినా చెబుతారనేది అక్కడ సుబూత్ కాదు.

దమ్మాం అబ్బాయి మంచివాడు. డ్యూటీ దిగి, రెండు రోజులు తంటాలు పడి పాత ఈమెయిల్ తిరిగి తెరిచాడు. నిలిపేసిన ఖాతాలోని సామాను కంపెనీలు కొన్నాళ్లు ఉంచి తర్వాత తుడిచేస్తాయి. వీళ్ల నసీబు, ఇంకా తుడవలేదు. ఆ రాత్రి చెల్లెలుగారి ముందు డేటాబేస్ తెరిచాం. రోజూ సాయంత్రం వివరాలు ఎక్కించేది ఆవిడే. పదకొండేళ్లలో మొదటిసారి ఆ పట్టిక చూసి, "నేను పెట్టే స్పెల్లింగ్ తప్పులతో సహా ఉన్నాయి భాయ్" అని నవ్వింది. ఆ పట్టికకి అసలు వారసురాలు ఆమె. చాబీ గురించి ఎవరూ ఆమెను ఏనాడూ అడగలేదు.

ఇంతకీ దారి ఎలా ఉంటుందో చెబుతాను, చదివి వదిలేయకుండా ఒకసారి కంప్యూటర్ ముందు కూర్చోండి. హోస్టింగ్ కంపెనీ సైటులో మీ ఖాతాకి లాగిన్ అయితే ముందు కనిపించేది బిల్లుల గది. అక్కడి నుంచి కంట్రోల్ ప్యానెల్ అనే లోపలి గదికి దారి ఉంటుంది. చాలా కంపెనీలు సీప్యానెల్ అనే తయారు సరుకు ఇస్తాయి, కొన్ని సొంతది కట్టుకున్నాయి. పేర్లు అటూ ఇటూ మారినా డేటాబేసులు అనే భాగం ఉంటుంది. అందులో పీహెచ్‌పీ మైఅడ్మిన్ అనే బొమ్మ మీద నొక్కండి. 1998 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ అది. ఎడమవైపు డేటాబేసుల పేర్లు, ఒకదాని మీద నొక్కితే రిజిస్టర్ల పేర్లు, రిజిస్టర్ మీద నొక్కితే వరసలు.

ఇక్కడ ఒక మాట గమనించారా? ప్యానెల్ నుంచి వెళ్తే డేటాబేస్ పాస్‌వర్డ్ మళ్లీ అడగదు. అంటే ప్యానెల్ చాబీ ఉన్నవాడికి అల్మారా తెరిచే ఉన్నట్టు. ఇంకొకటి కూడా ఉంది. ఖాతాలో మూడు నాలుగు డేటాబేసులుంటే మన సైటుది ఏదో తెలియాలంటే ఫైల్ మేనేజర్‌లో డబ్ల్యూపీ-కాన్ఫిగ్ అనే ఫైలు చూడాలి. డేటాబేస్ పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్, హోస్ట్, నాలుగూ అందులో నాలుగు వరసల్లో రాసి ఉంటాయి. పాస్‌వర్డ్ కూడా మామూలు అక్షరాల్లోనే, పర్దా లేకుండా. సైటు బొమ్మలు ఎక్కించడానికని ఎవరికో ఫైళ్ల చాబీ ఇచ్చారంటే, మీకు తెలియకుండానే అల్మారా చాబీ కూడా ఇచ్చారన్నమాట. "నేను డేటాబేస్ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వలేదు" అని ఖసమ్ తినే పెద్దలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

లోపలికి వెళ్లాక మొదటి పని ఏదీ ముట్టుకోకపోవడం. రెండో పని ఎక్స్‌పోర్ట్ అనే చోట నొక్కి, క్విక్ అని ఉన్నది అలాగే ఉంచి, ఎస్‌క్యూఎల్ రూపంలో దింపుకోవడం. చిన్న సంఘం సైటైతే నిమిషం పట్టదు. వచ్చిన ఫైలు నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకుంటుంది. మీ పదేళ్ల రాతలు అందులో అక్షరాల్లోనే కనిపిస్తాయి. అది చేతికొచ్చాకే ఇంకేదైనా. రిజిస్టర్ పేరు పక్కన ఖాళీ చెయ్యి, తీసెయ్యి అనే అర్థాలొచ్చే రెండు ఇంగ్లీషు మాటలు పక్కపక్కనే ఉంటాయి. నిజంగానా అని ఒక్కసారి అడుగుతుంది, అంతే. అక్కడ వెనక్కి తిప్పే బటన్ లేదు.

సైటు పాస్‌వర్డ్ మరిచిపోయి బయట నిలబడ్డవాళ్లు చాలామంది. వాళ్లకి కూడా ఈ దారే ఆసరా. సభ్యుల రిజిస్టర్‌లో పాస్‌వర్డ్ చదవలేం, అది గజిబిజిగా మార్చేసి ఉంటుంది, దాన్ని తిరగేసి అసలు రూపం తెప్పించడం ఉండదు. కానీ అదే వరసలో ఉన్న ఈమెయిల్‌ని మీ ఈమెయిల్‌గా మార్చి, సైటులోకి వెళ్లి పాస్‌వర్డ్ మరిచిపోయాను అని నొక్కితే కొత్తది పెట్టుకోవచ్చు. ఇది ఎంత ఆసానీగా అయిపోతుందో చూశాక, ప్యానెల్ చాబీ ఎంత విలువైనదో నేను విడిగా చెప్పనక్కర్లేదు.

కొందరు కుర్రాళ్లు ప్యానెల్‌తో పనేంటి, నా ల్యాప్‌టాప్ నుంచే నేరుగా డేటాబేస్‌కి కలుపుకుంటాను అంటారు. మైఎస్‌క్యూఎల్ వినే కిటికీ నంబరు 3306. చిన్న హోస్టింగుల్లో దాన్ని బయటివాళ్లకి మూసి ఉంచుతారు. రిమోట్ మైఎస్‌క్యూఎల్ అనే చోట మీ ఇంటి ఐపీ నంబరు రాస్తేనే తెరుస్తారు. ఇంట్లో నెట్ ఐపీ మారిపోతూ ఉంటుంది కాబట్టి విసుగొచ్చి అక్కడ శాతం గుర్తు పెట్టేస్తారు. ఆ గుర్తుకి అర్థం దునియాలో ఎవరైనా తలుపు తట్టొచ్చని. మీ సైటులో ఆ గుర్తు ఉందేమో ఈ రోజే చూడండి. ఉంటే తీసేయండి, పెట్టినవాణ్ని తర్వాత తిట్టుకోవచ్చు.

ఇక మన జుబాన్ల మస్లా. ఇది నాకు ఎక్కువ నొప్పి పుట్టించే సంగతి. మైఎస్‌క్యూఎల్‌ని తయారుచేసిన కంపెనీ స్వీడన్‌ది. అందుకే 2018లో 8.0 వెర్షన్ వచ్చేదాకా, వేరేగా చెప్పకపోతే అది అక్షరాలను లాటిన్ ఖాతాలో వేసి స్వీడిష్ వరసలో పేర్చేది. మీ పాత సైటు పట్టికలో స్వీడిష్ అనే మాట కనిపిస్తే హైరాన్ పడకండి, మీ తాత స్వీడన్ నుంచి రాలేదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక ఉర్దూ అక్షరానికి 2 బైట్లు పడతాయి, తెలుగు అక్షర చిహ్నానికి 3, ఇమోజీకి 4. లాటిన్ ఖాతా ఒక్కో బైటుని ఒక్కో అక్షరం అనుకుంటుంది. సైటుని ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చినప్పుడు ఈ తేడా చూసుకోకపోతే తెలుగు వ్యాసమంతా నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు 'ఏ' అక్షరం, పక్కన డిగ్రీ సున్నా, మళ్లీ ఏ, మళ్లీ సున్నా. ఉర్దూ అయితే అడ్డగీత కొట్టిన 'ఓ'లు వరసగా.

ఒక పాత విద్యార్థుల సంఘం సైటులో ఇలాగే అయింది. రిటైరైన ఉస్తాదులు ఉర్దూలో రాసినవి, మా ఈడువాళ్లు తెలుగులో రాసినవి, అన్నీ గీతలూ సున్నాలూ అయ్యాయి. సెక్రటరీగారు గుండె పట్టుకున్నారు. అది చూసి నేను కొంచెం ఊపిరి పీల్చుకున్నాను, ఎందుకంటే ఆ రూపంలో ఉన్నంతవరకు బైట్లు భద్రంగానే ఉన్నాయి, ఖాతా పేరు సరిచేస్తే చాలావరకు అక్షరాలు తిరిగొస్తాయి. భయపడాల్సింది ప్రశ్నార్థకాలు చూసి. అక్షరం ఉండాల్సిన చోట వరసగా ప్రశ్న గుర్తులు పడి, డేటాబేస్ తెరిచి చూసినా అవే ఉన్నాయంటే, అక్కడ మాట మిగల్లేదు. పాత నకలు ఉంటేనే దిక్కు. ఆ సంఘానికి పాత హోస్టింగ్‌లో దింపిన ఎస్‌క్యూఎల్ ఫైలు ఒకరి పెన్‌డ్రైవ్‌లో దొరికింది. పెట్టిన ఆయన దాన్ని ఒక పెళ్లి వీడియోల ఫోల్డర్‌లో పెట్టి మరిచిపోయాడు, అది వేరే సంగతి.

ఇంకో ముచ్చట. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్-8 అని చాలా కాలం చలామణి అయింది పూర్తి యూటీఎఫ్-8 కాదు, 3 బైట్ల దాకే పట్టేది. తెలుగు సరిగ్గా అందులో ఇమిడింది. ఇమోజీ ఇమడలేదు. ఎవరో ఇంతిఖాల్ వార్తకి తాజియత్ రాస్తూ మధ్యలో ఒక కన్నీటి బొమ్మ పెడితే, కొన్ని సెట్టింగుల్లో ఆ బొమ్మ దగ్గరి నుంచి మిగతా మాటంతా తెగిపోయేది. పూర్తిది యూటీఎఫ్-8 ఎంబీ4. వర్డ్‌ప్రెస్ 2015లో దానికి మారింది. మీ సైటు అంతకు ముందుదైతే పట్టికలు ఏ ఖాతాలో ఉన్నాయో చూసుకోండి. తెలుగు, ఉర్దూ రెండూ వాడే మనలాంటివాళ్లకి ఇది షౌక్ కాదు, జరూరత్.

నకలు సంగతికొద్దాం. "కంపెనీవాళ్లే బ్యాకప్ తీస్తారు" అనే భరోసా మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే పెద్ద హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్‌కి మంటలంటుకున్నాయి. ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. లక్షల సైట్లు ఆగిపోయాయి. నకళ్లు కూడా అదే ప్రాంగణంలో ఉన్న కొందరికి అసలూ నకలూ కలిసి బూడిదయ్యాయి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున నడుస్తున్న డేటాబేస్‌నే తుడిచేశాడు. తీరా చూస్తే, వాళ్లు పెట్టుకున్న బ్యాకప్ పద్ధతుల్లో సమయానికి సరిగ్గా పనిచేసినవి లేవు. మరో పని కోసం తీసిన నకలు ఒకటి ఉండబట్టి సుమారు 6 గంటల డేటాతో నుక్సాన్ ఆగింది. కంప్యూటర్లనే నమ్ముకున్న కంపెనీ గతి అది. మన సంఘం గతి ఏంటి? నెలకో ఫైలు దింపి ఇంట్లో పెట్టుకోండి. ఏడాదికోసారి దాన్ని ఖాళీ డేటాబేస్‌లో ఎక్కించి తెరుచుకుంటుందో లేదో చూడండి. తెరిచి చూడని బ్యాకప్ మీద నేను పైసా పందెం కాయను. ఒక హెచ్చరిక కూడా: ఫొటోలు డేటాబేస్‌లో ఉండవు. అందులో వాటి చిరునామా మాత్రమే ఉంటుంది. ఫొటోలు అప్‌లోడ్స్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి, అదీ విడిగా దింపాలి.

దింపిన ఫైలుని ఎక్కడ పెడతామన్నది మరింత నాజూకు విషయం. నేను చూసిన ఘోరాల్లో మొదటిది, బ్యాకప్ ఫైలుని సైటు ఫైళ్లుండే పబ్లిక్ ఫోల్డర్‌లోనే వదిలేయడం. ఆ ఫోల్డర్‌లో ఉన్నది దాదాపు ఏదైనా, పేరు ఊహించి బ్రౌజర్‌లో కొడితే వచ్చేస్తుంది. బ్యాకప్ అనే పేరు ఊహించడానికి అఖ్ల్ పెద్దగా అక్కర్లేదు. తాళాల మీద తాళాలు వేసి, ఇంటి సామానంతా అరుగు మీద పరిచినట్టే ఇది. 2021లో, మళ్లీ 2022 జనవరిలో మన ఆడపిల్లల ఫొటోలతో ఎవరో యాప్‌లు పెట్టి వేలం ఆట ఆడినప్పుడు ఇళ్లల్లో నిద్రలు పోయాయి. ఆ ఫొటోలు సోషల్ మీడియా నుంచి తీసినవి. రిష్తా సైటు డేటాబేస్‌లో ఫొటో ఒక్కటే కాదు, ఇంటి గల్లీ కూడా ఉంటుంది.

చట్టం కూడా ఈ మధ్య కళ్లు తెరిచింది. 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం మాలిక్ ఇజాజత్ లేకుండా కంప్యూటర్ వ్యవస్థలోకి చొరబడినా, డేటా దింపుకున్నా తప్పే. లోపలికి వెళ్లే హక్కున్నవాణ్ని అడ్డుకున్నా తప్పే. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. చాబీ ఇవ్వనని బెదిరించి డబ్బు అడిగే డెవలపర్లు ఈ రెండో సగాన్ని చదువుకోవాలి. ఇక 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, జనం వివరాలు సేకరించేవాళ్లని డేటా ఫిడ్యూషియరీ అంటుంది. ఆ మాటకి మన ఇళ్లల్లో వాడే తర్జుమా అమానత్‌దార్. తగిన భద్రత పాటించనందుకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పెట్టారు. చిన్న సంఘానికి అంత వేస్తారని కాదు, కానీ హోస్టింగ్ కంపెనీ చూసుకుంటుందిలే అనే జవాబు ఇక చెల్లదు. వివరాలు అడిగి తీసుకున్నది మనం. జిమ్మేదారీ మనదే.

హోస్టింగ్ కంపెనీలను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. వాళ్ల మీద నా షికాయత్ వేరే ఉంది. మొదటి ఏడాది చౌక ధర చూపించి, రెన్యువల్‌కి రెట్టింపు అడగడం ఒక్కటే కాదు. అమ్మేటప్పుడు అంతా చాలా ఆసాన్ అంటారు, ఒక్క నొక్కుతో సైటు తయారంటారు. ఆ ఒక్క నొక్కుతో డేటాబేస్ కూడా దానంతటదే పుడుతుంది, దానికో పేరూ పాస్‌వర్డూ పడతాయి, కొన్నవాడికి ఆ సంగతే తెలియదు. మీ అల్మారా ఇదీ, చాబీ ఇదీ, నకలు ఇలా తీసుకోండి అని మొదటి రోజే ఒక కాగితం ఇస్తే వీళ్ల సొమ్మేం పోతుంది? బ్యాకప్‌ని పైసలిచ్చి కొనే అదనపు సరుకు చేసుకున్నాక చెప్పాలనే మనసు ఎలా వస్తుంది.

ఈ చిన్న సైట్ల గొడవ ఎందుకంటారా, పెద్దవాటిలోనూ ఇదే సవాల్. తెలంగాణలో భూముల లెక్కకి పహాణీ, సేత్వార్ అనే మాటలు నిజాం దఫ్తర్ల నుంచి వచ్చినవి. ఆ కాగితాల మీద ఏం రాసుందో చదవడానికి ఉర్దూ వచ్చిన ముసలాయన్ని వెతుక్కుంటూ రైతులు తిరిగేవాళ్లు. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది, కాగితం డేటాబేస్ అయింది. అప్పటి నుంచి ఆగకుండా నడిచిన చర్చ ఏమిటి? భూముల డేటా ప్రైవేటు కంపెనీ చేతిలో ఉండొచ్చా అని. 2024లో దాని నిర్వహణని ఎన్‌ఐసీకి అప్పగించారు. సర్కారుకే ఈ సవాల్ తప్పలేదు. పట్టా ఎవరి పేరున ఉందో ఎంత ముఖ్యమో, పట్టాల పట్టిక ఎవరి చేతిలో ఉందో అంతే ముఖ్యమని ఊరి రైతుకు కూడా అర్థమైంది. మన కమిటీలకి ఎందుకు అర్థం కాదు?

చాబీ ఎవరికివ్వాలి అన్నదాని మీద నా మాట కొందరికి చేదుగా ఉంటుంది. సదర్ సాబ్ కాబట్టి పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉండాలనేది పాత ఆలోచన. సదర్ సాబ్‌కి ఎక్స్‌పోర్ట్ చేయడం రాకపోతే ఆయన దగ్గర చాబీ ఉన్నా ఫాయిదా లేదు. రోజూ ఆ రిజిస్టర్ నింపేవాళ్లెవరో వాళ్లకి ఇవ్వండి. మన సంస్థల్లో ఎక్కువ చోట్ల ఆ పని చేసేది ఎవరో ఒక బాజీ, జీతం లేకుండా. ఆమెకొకటి, కమిటీలో ఇంకొకరికొకటి. లిస్టు చూస్తే చాలనుకునే మిగతావాళ్లకి ప్యానెల్ చాబీ ఎందుకు? ప్యానెల్‌లో డేటాబేస్‌కి కొత్త యూజర్‌ని పెట్టేటప్పుడు గడులు వస్తాయి. చదవడం వరకే హక్కు ఇచ్చి, మార్చడం, తుడవడం గడుల్ని ఖాళీగా వదిలేయొచ్చు. అన్నీ నొక్కేసే అలవాటు మానుకోండి.

ఖాతా మాత్రం సంస్థ పేరు మీదే, సంస్థ ఈమెయిల్‌తో ఉండాలి. బిల్లులు ప్రింటు తీసి రసీదుల ఫైల్‌లో పెట్టాలి. మినిట్స్ పుస్తకంలో ఒక పేజీలో డొమైన్ ఎక్కడ కొన్నారు, హోస్టింగ్ ఎక్కడ, గడువు తారీఖు ఏది, చాబీ ఎవరెవరి దగ్గర అని రాసి దస్తఖత్ చేయించండి. పాస్‌వర్డ్ ఆ పుస్తకంలో రాయొద్దు, కవరులో పెట్టి సీలు వేయండి. సైటు చేసిన పిల్లాడికి ఇవ్వాల్సింది పూర్తిగా ఇచ్చి, శుక్రియా చెప్పి, అదే రోజు పాస్‌వర్డ్ మార్చండి. అతని మీద అనుమానంతో కాదు. రేపు ఏదైనా పోతే మొదటి వేలు అతని వైపే చూపిస్తారు, అతన్ని కాపాడటానికి కూడా.

అన్నీ చేసినవాళ్లు కూడా ఒకటి వదిలేస్తున్నారు. ఖాతాలో ఉన్న ఫోన్ నంబరు ఎవరిది? లాగిన్ అయ్యేటప్పుడు ఓటీపీ దానికే వస్తుంది. దమ్మాం వెళ్లినవాడి హైదరాబాద్ సిమ్ రీచార్జి లేక కొన్ని నెలలకి ఆగిపోతుంది, తర్వాత ఆ నంబరుని ఇంకెవరికో ఇచ్చేస్తారు. ఈ ఆదివారం టీ తాగాక లాగిన్ అయి, ఆ ఒక్క గడి చూడండి.